రెండో వచనానికీ ఆరో వచనానికీ మధ్య

ఫోన్‌లో ఆమె రెండే మాటలు చెప్పింది. "అన్న పోయిండు అయ్యగారు. మట్టి మీరే చెయ్యాలె."

సమాధి కార్యక్రమం నేనే జరిపిస్తానమ్మా అని ఫోన్ పెట్టేశాను. నేనిప్పుడు నస్పూర్‌లో ఒక చిన్న సంఘానికి పాస్టర్‌ని. ఎనిమిదేళ్ల కిందట గోదావరిఖని నుంచి ఇక్కడికి బదిలీ అయింది. నదికి అటు ఆ ఊరు, ఇటు ఈ ఊరు. బస్సెక్కితే గంట కూడా పట్టదు. ఈ ఎనిమిదేళ్లలో నేను ఆ అన్నాచెల్లెళ్ల ఇంటి గడప తొక్కింది మూడుసార్లు. పని ఒత్తిడి అని చెప్పుకుంటూ వచ్చాను కానీ నిజం అది కాదని నాకు తెలుసు.

ఆయన పేరు ఇక్కడ రాయను. చర్చి రిజిస్టర్‌లో తప్ప ఆ పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. అందరికీ ఆయన కాక. పిల్లలకూ కాకే, ఆయనకంటే రెండేళ్లు పెద్దయిన కూరగాయల ముసలమ్మకూ కాకే. కోస్తా నుంచి బైబిలు కాలేజీ డిగ్రీ పట్టుకుని ఇరవయ్యేళ్ల కిందట ఆ ఊళ్లో బస్సు దిగిన నేను కూడా మూడో రోజుకల్లా కాకా అనడం మొదలుపెట్టాను. మొదటి ఆదివారం ఆయన ఒక సంచీ నిండా గోంగూర తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాడు. "గోంగూర ఎంత లేతగా ఉందో" అంది ఆమె. "పుంటికూర అమ్మా" అన్నాడాయన. ఆమె నవ్వి, గోంగూరే అంది. ఆయన కూడా నవ్వి, "మీరు ఏమన్న అనుండ్రి, అది మాత్రం పుంటికూరనే" అన్నాడు.

అదే రోజు లోపలికి వచ్చి కూర్చోమంటే వెంటనే కూర్చోలేదు. గది నాలుగు మూలలకూ వెళ్లి వేళ్ల కణుపులతో గోడ మీద కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. మా ఆవిడ, "పుచ్చకాయ కొంటున్నారా కాకా?" అంది. ఆయన సిగ్గుపడ్డాడు. "అలవాటమ్మా, పోత లేదు" అన్నాడు.

ముప్పై ఏళ్లు ఆయన బొగ్గుబాయిలో, అంటే గనిలో, టింబర్‌మన్. బొగ్గు తీసేసిన చోట పైనున్న బండ కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని. మనుషులు ఆ జాగాలోకి వెళ్లేముందు ఇనుప పొన్ను వేసిన కర్రతో పైకప్పును కొట్టి చూడాలి. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిచి ఉంటే గుల్ల చప్పుడు వస్తుంది. భద్రత చూసే సర్దారు వచ్చి చూసి వెళ్లాక కూడా కాక తన చెవితో తాను ఇంకోసారి వినేవాడట. రిటైరై ఎన్నేళ్లయినా కొత్త గోడ కనిపిస్తే ఆ చేయి ఊరుకునేది కాదు. ముంజేతుల నిండా నీలం గీతలుండేవి. దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి చర్మం కిందే ఉండిపోతే అలా అవుతుందని తర్వాత తెలిసింది. పచ్చబొట్లేమో అనుకున్నాను నేను.

ఆయన భార్య చాలా ముందే పోయింది. పిల్లల్లేరు. చెల్లెలి ఇంట్లో ఉండేవాడు. చెల్లెలి భర్త కూడా ఆయనతో పాటే అదే బాయిలో పనిచేసేవాడు. నేను రావడానికి ఆరేళ్ల ముందు పైకప్పు కూలి చనిపోయాడు. ఆమెకు గని ఆఫీసులో పని ఇచ్చారు. ఆమె డ్యూటీకి వెళ్తే కాక ఇల్లు చూసుకునేవాడు. ఇద్దరు ఆడపిల్లలకు జడలు వేసి, సద్ది డబ్బాలు కట్టి, బడికి దిగబెట్టి వచ్చింది ఆయనే. అన్నంటే ఇలా ఉండాలని ఆ వాడంతా చెప్పుకునేది. ఆ మాట ఎదురుగా అంటే మాత్రం ఆయన అక్కడ నిలబడేవాడు కాదు. ఒకసారి నేను ప్రసంగంలో త్యాగం గురించి చెబుతూ, "మన మధ్యనే ఒకాయన ఉన్నాడు" అని ఆయన వైపు చేయి చూపించాను. అందరూ తలలు తిప్పేసరికి ఆయన లేచి బయటికి వెళ్లి, కూటం అయ్యేదాకా కుళాయి దగ్గర కూర్చున్నాడు. వినయం అనుకున్నాను. ఆ సంగతి మరో ప్రసంగంలో కూడా వాడుకున్నాను.

ఆయనకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. మేనకోడళ్ల పక్కన కూర్చుని వాళ్ల వాచకాల్లోంచి నేర్చుకున్నాడు. మనసులో చదువుకోవడం రాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పైకి చదివితేనే అర్థమయ్యేది. అలా చదవడం వచ్చాక బైబిలంతా తిరగెయ్యలేదు. అరవై రెండో కీర్తన దగ్గర ఆగిపోయాడు. దేవుణ్ణి నమ్ముకుని నా ప్రాణం మౌనంగా ఉందని మొదలయ్యే కీర్తన అది. ఆ మౌనం అన్న మాటను ఆయన వీధి చివరికి వినిపించేలా చదివేవాడు.

ప్రతి గురువారం పొద్దున తొమ్మిదింటికి మా వరండాలోకి వచ్చేవాడు. చాయ్ సాసర్‌లో పోసుకుని, చల్లారేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు. తాగాక, మూతి తుడుచుకుని, బైబిలు తెరిచి, "అయ్యగారు, ఒక సందేహం" అనేవాడు. సందేహాలన్నీ ఆ పన్నెండు వచనాల్లోంచే. ఒరిగిన గోడను తోసేవాళ్ల గురించి ఒక మాట ఉంది అందులో. దాని మీద నెల రోజులు గడిపాడు.

"ఒరిగిన గోడకు దుంగ పెట్టాలె గానీ, ఎవలన్న తోస్తరా?"

"అది ఉపమానం కాకా. శత్రువుల గురించి."

"శత్రువులే తోస్తరా? లోపలున్నోడు ఆనుకున్నా పడతది గదా."

నాకు చిరాకుగా ఉండేది. నా దగ్గర కాలేజీ నోట్సు ఉన్నాయి, వ్యాఖ్యాన గ్రంథాలున్నాయి. ఆయన అడిగేవాటికి వాటిలో జవాబులు ఉండేవి కావు. మొదట్లో సరదాగా, తర్వాత్తర్వాత గడియారం వైపు చూస్తూ వినేవాణ్ణి.

ఒక గురువారం ఆయన చాయ్ చల్లారేదాకా ఆగలేదు. బైబిలు తెరిచే వచ్చాడు.

"అయ్యగారు, ఇది చూడుండ్రి. రెండో వచనంల నేను అంతగా కదలను అన్నడు. ఆరో వచనంల నేను కదలను అన్నడు. ఆ 'అంతగా' ఏడబోయింది?"

నేను బైబిలు తీసుకుని చూశాను. నిజమే. ఆ కీర్తన మీద నేను అప్పటికి నాలుగుసార్లు ప్రసంగించాను. ఒక్కసారి కూడా గమనించలేదు.

"ఇంకోటి" అన్నాడు వేలు కిందికి జరుపుతూ. "ముందుగాల నా పానం ఊకున్నది అన్నడు. తర్వాత ఓ నా పానమా, ఊకో అంటున్నడు. అంటే అది ఊకోలేదన్నట్టే గదా. నడుమ ఏమో అయ్యింది. రెండుకూ ఆరుకూ నడుమ. ఏమయ్యుంటది?"

"ఆలోచించి చెబుతాను కాకా" అన్నాను.

ఆలోచించాను. చెప్పాను కూడా, కానీ ఆయనకు కాదు. రెండు వారాల తర్వాత ఆదివారం పల్పిట్ మీదినుంచి చెప్పాను. నా ప్రసంగాలకు ఎప్పుడూ మూడు అంశాలుండేవి. ఆ రోజు, బలహీనమైన విశ్వాసం, శోధన, బలమైన విశ్వాసం. 'అంతగా' అన్న చిన్న మాట రాలిపోవడమే విశ్వాసి ఎదుగుదల అన్నాను. ఇది మీకెవరూ చూపించి ఉండరు అని కూడా అన్నాను. జనానికి బాగా నచ్చింది. గోడ పక్కన చాప మీద కూర్చుని కాక కూడా తలూపుతూ విన్నాడు. ఎవరు చూపించారో చెబుతానేమోనని ఎదురు చూసి ఉంటాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన ముఖంలో అలాంటిదేమీ కనిపించలేదు.

కూటం అయ్యాక గేటు దగ్గర నా చేయి పట్టుకుని, "మంచిగ చెప్పిన్రు" అన్నాడు. కాసేపాగి, "గానీ అయ్యగారు, రెండుల నుంచి ఆరుకు గంత జల్ది ఎట్ల ఎక్కిన్రు?" అన్నాడు.

నవ్వేసి ఊరుకున్నాను. అప్పటినుంచి ఆయనకొక ఊతపదం వచ్చింది. ఎలా ఉన్నారు కాకా అని ఎవరడిగినా, "అంతగా ఏం కదల్లే" అనేవాడు. మోకాళ్ల నొప్పయినా, దగ్గు వచ్చి వారం పడుకున్నా, అదే జవాబు. పిల్లలు కావాలని పదేపదే అడిగేవాళ్లు.

మా చర్చిలో నెలకొక ఆదివారం సంఘస్థుల్లో ఒకరు వాక్యం చెప్పే పద్ధతి ఉండేది. టీచర్లు, ఆఫీసు గుమాస్తాలు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక ఇంజనీరు, ఇలాంటివాళ్లే చెప్పేవాళ్లు. కాకను అడగాలని నాకు తోచలేదు. ఆయనే అడిగాడు. నేనొచ్చి ఆరేళ్లయింది అప్పటికి. ఆ ఆరేళ్లలో ఆయన నన్ను తనకోసం అడిగింది అదొక్కటే.

"నాకు ఒక్కసారి చాన్సియ్యుండ్రి అయ్యగారు. అరవై రెండో కీర్తన చెప్త."

"తప్పకుండా కాకా. ఇంకెవరు చెబుతారు ఆ కీర్తన?"

రెండు నెలలు తయారయ్యాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. గురువారాలు వచ్చి మాటల రాత సరిచూపించుకునేవాడు కానీ, మొత్తం కాగితం చూపించేవాడు కాదు. వేరే కాగితంతో కప్పి, ఆ ఒక్క మాటే చూపించేవాడు. 'నాలుగో' అన్నదానికి దీర్ఘం ఎక్కడ పెట్టాలని ఒకసారి అడిగాడు. 'క్షమించు' ఎలా రాయాలని ఇంకోసారి అడిగాడు. నేను రాసి ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు కబురొచ్చింది. మా సంఘాలన్నింటి మీదా పెద్ద అయ్యగారు అదే రోజు మా చర్చికి వస్తున్నారు. కొత్త హాలు కట్టుకోవడానికి ఆయన అనుమతి కావాలి మాకు. వారం వాయిదా వేసుకుందామని కాకను అడగబోయి, ఆయన ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కా తలుపు వెనక వేలాడుతుంటే చూసి అడగలేకపోయాను. "పది నిమిషాల్లో ముగించాలి కాకా" అన్నాను. "అయిపోతది అయ్యగారు. అసలు మాట చిన్నదే" అన్నాడు.

ఆ రోజు జనం ఎక్కువ. మగవాళ్లు ఇటు, ఆడవాళ్లు అటు. ఆయన చెల్లెలు ఆడవాళ్ల వైపు రెండో వరుసలో కూర్చుంది. కాక ముందుకు వచ్చి కీర్తన చదవడానికే ఐదారు నిమిషాలు పట్టింది. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. పెద్ద అయ్యగారు ఒకసారి వాచీ చూసుకున్నారు. ఆయన చూసుకున్నది నేను చూశాను.

కాక బైబిలు మూసి, కాగితాలు తీయకుండానే మొదలుపెట్టాడు.

"దేవుడే నాకు బండ అని రాసిండు ఈ కీర్తన రాసినాయన. ఆయన బండ మీద కూసొని రాసిండు. నేను బండ కింద పనిచేసిన. ఈడ మస్తుమంది బాయిల పనిచేసినోళ్లున్నరు, వాళ్లకు ఎరుకే. బండ కింద పనిచేసెటోడు బండను నమ్మడు. దినాం కొట్టి చూస్తడు."

వెనక కూర్చున్న గని కార్మికులు కొందరు అవునన్నట్టు కదిలారు.  అంత శ్రద్ధగా నా మాట ఎన్నడూ వినలేదు వాళ్లు.

"నేను ముప్పై ఏండ్లు కొట్టి చూసిన. నాలుగు దిక్కుల చూస్తె గానీ మనిషిని లోపలికి రానియ్యకపోదును. ఒక్క దినం మాత్రం..."

అక్కడ ఆగాడు. ఆడవాళ్ల వైపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు.  ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను, నాకు మాత్రం చాలా సేపనిపించింది. పెద్ద అయ్యగారు నా వైపు వంగి, "ఏంటండీ ఇది? దేవుణ్ణి నమ్మొద్దని చెబుతున్నాడా?" అన్నారు మెల్లగా.

నేను లేచాను. కాక భుజం మీద చేయి వేసి, నవ్వుతూ సంఘం వైపు తిరిగి, "మనుషులు చూసిన బండలు కూలుతాయి. మన దేవుడనే బండ ఎన్నడూ కూలదు. అందరూ ఆమేన్ అందామా? లేచి నిలబడి ఒక పాట పాడుకుందాం" అన్నాను. నేనే ఎత్తుకున్నాను. అందరూ లేచారు. డప్పు, తాళాలు అందుకున్నాయి. ఆ చప్పుడులో కాక నా ముఖంలోకి ఒకసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో పని మధ్యలో లేపినవాడిలా చూశాడు. తర్వాత కాగితాలు జేబులో పెట్టుకుని వెళ్లి తన చాప మీద నిలబడ్డాడు. పాటలో ఆయన గొంతు కూడా కలిసింది.

హాలుకు అనుమతి వచ్చింది.

ఆ తర్వాత రెండు గురువారాలు ఆయన రాలేదు. మూడో గురువారం పుంటికూరతో వచ్చాడు. చాయ్ తాగాడు. బైబిలు తేలేదు. "ఆ రోజు కొంచెం టైము సరిపోలేదు కాకా. ఇంకోసారి చెబుదురు గానీ" అన్నాను నేను. "అయ్యో, దానికేముంది" అన్నాడు. ఇంకోసారి ఆయన అడగలేదు, నేనూ పిలవలేదు. ఆ తర్వాత ఆరేళ్లు అక్కడే ఉన్నాను. ప్రతి నెలా ఎవరు చెప్పాలని జాబితా రాసుకున్నప్పుడల్లా ఆయన పేరు నాకు గుర్తుకొచ్చేది. ఆ నిశ్శబ్దం మళ్లీ వస్తే ఏం చేయాలో తెలియక రాయలేదు. గురువారాలు వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్లేవాడు. అరవై రెండో కీర్తన మా మధ్య మళ్లీ రాలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఆయన దవాఖానలో ఉన్నాడని తెలిసి వెళ్లాను. ఊపిరితిత్తులు పాడయ్యాయి. కిటికీ పక్క మంచం మీద, వీపుకు రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. చెల్లెలు అన్నం తేవడానికి ఇంటికి వెళ్లింది.

"ఎలా ఉన్నారు కాకా?"

"జర కదిలిన అయ్యగారు" అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా లోపల పదమూడేళ్లుగా ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది. "ఆ ఆదివారం మీరేం చెప్పబోయారు కాకా? నేను ఆపాను. ఇప్పుడు చెప్పండి, వింటాను."

 ఆయన మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

ఆ రోజు ఫస్ట్ షిఫ్టు. తానూ, చెల్లెలి మొగుడూ ఒకే జాగాలో పని. సద్ది వేళయింది. కాక పైకప్పు కొట్టి చూస్తున్నాడు. ఒక మూల చూశాడు, రెండు, మూడు. మూడూ ఖంగుమన్నాయి. "బావ పిలుస్తున్నడు. జల్ది రా, ఆకలైతంది, సద్ది సల్లబడుతది అంటున్నడు. నాలుగోది వచ్చినంక చూస్త అనుకున్న. ఇద్దరం కూసున్నం. ఆయన నాలుగో మూలకు కూసున్నడు. నీళ్ల సీసా నా దిక్కు ఉంటె నేను ఇటు కూసున్న." అక్కడ ఆగి దగ్గాడు. "రెండు బుక్కలు తిన్నడు."

నేను నీళ్ల గ్లాసు అందించాను.

"ఎంక్వయిరీల అడిగిన్రు. అంతా చూసిన అని చెప్పిన. సర్దారు గూడ చూసిండు, నేను గూడ చూసిన అని రాసుకున్నరు. చెల్లెకు గూడ గదే చెప్పిన. ఆమె చేతి అన్నం తిన్న ఇన్నేండ్లు. ఊళ్లె అందరు నన్ను మంచోడు అంటుంటె..." ఆ మాట పూర్తి చేయలేదు. "చర్చిల చెప్దామనుకున్న. ఇంట్ల చెప్పాలంటె నా నోరు లేవలే. పది మంది నడుమ మొదలువెడితె ఎనకకు పోరాదు గదా అని."

"మీ చెల్లెలు వస్తుంది కదా కాకా, ఇప్పుడే చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "చెప్తె ఆమె ఏమన్న అడుగుతది. అడిగితె జవాబియ్యాలె. గంత ఊపిరి లేదు అయ్యగారు."

"పోనీ నేను చెప్పనా?"

"వద్దు. అది నా నోటితోనే చెప్పేది."

ప్రార్థన చేయమన్నాడు. చేశాను. ఏం ప్రార్థించానో గుర్తులేదు. లేచి వస్తుంటే, "ఇప్పుడైతే ఎరుకయ్యింది గదా, రెండుకూ ఆరుకూ నడుమ ఏమున్నదో" అన్నాడు. "నేను మాత్రం ఇంకా ఆరుకు చేరలే."

వరండాలో ఆమె ఎదురొచ్చింది. చేతిలో అన్నం గిన్నె, భుజాన టవలు. "పోతున్నరా అయ్యగారు?" అంది. ఆమెను చేయి పట్టి మంచం దగ్గరికి తీసుకెళ్లి, మీ అన్న మీతో ఒక మాట చెప్పాలనుకుంటున్నాడమ్మా అని ఉంటే సరిపోయేది. మాట నేను చెప్పనక్కర్లేదు. ఆమెను పక్కన కూర్చోబెడితే చాలు. ఆయన వద్దన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. "బాగా చూసుకోండమ్మా" అని మెట్లు దిగాను.

ఆ ఎండాకాలం గడిచింది, వానాకాలం గడిచింది. ఆయన ఇంటికి వచ్చి మంచం మీదే ఉన్నాడు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఉన్నాను. ఈలోగా ఫోన్ వచ్చింది.

మట్టి కార్యక్రమం నేనే జరిపించాను. అందరూ అరవై రెండో కీర్తన చదువుతానని అనుకున్నారు. చదవలేకపోయాను. వేరే భాగం చదివి తొందరగా ముగించాను. మేనకోడళ్లిద్దరూ కన్నబిడ్డల్లా ఏడ్చారు. పెట్టెను మోసిందంతా ఆయనతో పనిచేసిన పాత కార్మికులు. దించేముందు వాళ్లలో ఒకాయన గుంత అంచులు కాలితో అదిమి చూశాడు.

జనం వెళ్లిపోయాక ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. సాయంత్రం నాలుగవుతోంది. ఆమె వచ్చి ఎదురుగా గడపలో కూర్చుంది. 

"దవాఖానకు వచ్చినప్పుడు అన్న మీకేమన్న చెప్పిండా?" అంది.

ఆయన వద్దన్న మాట గుర్తుంది. అబద్ధం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. "చెప్పాడమ్మా" అన్నాను.

"మంచిది. ఒక్కలకన్న చెప్పిండు."

నేను తలెత్తి చూశాను.

"నాకెరుకే అయ్యగారు" అంది ఆమె. "నా పెనిమిటి పోయిన పది దినాలకే ఎరుకైంది. పక్క జాగల పనిచేసినోడు ఒకాయన చూసిండంట, వచ్చి చెప్పిండు, నాలుగో దిక్కు నీ అన్న చూడలేదమ్మా అని. నెల రోజులు అన్న ముఖం చూడలే. వంట చేసి గిన్నెలు ముంగట పెట్టి లోపలికి పోయేదాన్ని. దుఃఖం అనుకున్నడు పాపం."

"మరి ఎప్పుడూ అడగలేదా అమ్మా?"

"అడిగితె ఇల్లిడిచి పోతడు. ఆయన సంగతి నాకెరుక. ఏ దిక్కో పోయి సస్తడు. పెనిమిటి పోనే పోయె. పిల్లలు చిన్నోళ్లు. నాకు అన్న కావాలె." చీర కొంగుతో గడప మీది దుమ్ము తుడుస్తూ ఉంది. "నా పెనిమిటి ఆకలికి ఆగడు. ఇంట్ల గూడ గంతే. అన్నం అని ఒర్లుతనే ఉండేటోడు. అన్నను పిలిచి పిలిచి తీసుకపోయుంటడు. గది గూడ నాకెరుకే."

నేను తల దించుకున్నాను.

"ఆ దినం చర్చిల అన్న నా దిక్కు చూసిండు" అంది. "చెప్తడు అనుకున్న. ఇన్నేండ్లకు చెప్తున్నడు అనుకున్న. ఆ మాట బయటవడంగనే, నాకెరుకే అన్నా, ఇగ ఊకో, కూసో అందామని లేసి నిలబడ్డ అయ్యగారు. మీరు పాట ఎత్తుకున్నరు."

"నాకు కనిపించలేదమ్మా" అన్నాను.

"ఎట్ల కనబడ్త? పాటకు అందరు లేసిరి."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత ఇంటికి వచ్చాక ఎందుకు చెప్పలేదని అడగబోయాను. అడిగే హక్కు నాకు లేదనిపించి ఆగిపోయాను. పొద్దుటినుంచి ఏమీ తిన్నట్టు లేరు, చాయ్ పెడతానని ఆమె లోపలికి వెళ్లింది. స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నె చప్పుడు వినిపించాయి. ప్రార్థన చేసి పొమ్మని అడిగితే, ఆ రోజు పాటలాగే దాన్నీ ఎత్తుకుంటానేమోనని నేను భయపడుతూ కూర్చున్నాను. ఆమె అడగలేదు.